ఆస్పత్రికి పంపాల్సిన అయిదుగురు

ఊరు ఊరంతా కొట్లాటకు తయారవ్వాలంటే ఏం కావాలి? పాత పగలు, పంచాయతీ ఎన్నికలు అంటారు మీరు. నాకైతే ఒక కాగితం ముక్క, ఎర్ర సిరా పెన్ను సరిపోయాయి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. మాది ప్రొద్దుటూరు. జమ్మలమడుగు దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరుగా కొత్తగా చేరాను. ఊళ్ళో పై వీధిది ఒక పార్టీ, కింది వీధిది ఇంకో పార్టీ. ఒకరి వీధిలో ఇంకొకరు కాలు పెట్టరు. రెండు వీధుల్లోనూ ఉన్నది కూలిజనమే, పిల్లలు కూడా ఒకేలా పుల్లల్లా ఉండేవాళ్ళు. వాళ్ళందరినీ నెల తిరిగేసరికి పహిల్వాన్లను చేసేయాలని నా ఆరాటం.

మొదటి వారమే స్ప్రింగు కాటా భుజాన వేసుకుని పై వీధికి వెళ్ళాను. దాన్ని దూలానికి వేలాడదీసి, పిల్లల్ని ఒక్కొక్కరినే గుడ్డసంచిలో కూర్చోబెట్టి, సంతలో కోళ్ళను తూచినట్టు తూచాను. బరువు మరీ తక్కువైతే పట్టికలో ఎర్ర గడిలో పడతారు. అలా అయిదుగురు తేలారు. వాళ్ళ పేర్లు ఎర్ర సిరాతో ఒక కాగితం మీద రాసి, కింద ‘వీళ్ళను ఈ వారంలోనే ఆస్పత్రికి పంపాలి, ఆలస్యం చేయకూడదు’ అని చేర్చి, రెండు గీతలు కూడా కొట్టాను. కింది వీధి మీదుగా తిరిగి వస్తుంటే ఆ కాగితం రిజిస్టరులోంచి జారిపోయింది. నేను చూసుకోలేదు.

మర్నాడు సెంటరుకు ఒక్క పిల్లా రాలేదు. ఆయా ఖాసింబీ మాత్రం రొప్పుతూ వచ్చింది. గాజులమ్ముకునే ఆయనకు కింది వీధిలో ఏదో కాగితం దొరికిందట, దాన్ని తెచ్చి పై వీధిలో చదివించాడట. అంతే, పై వీధివాళ్ళు ఆడవాళ్ళనూ పిల్లల్నూ దువ్వూరులో బంధువుల దగ్గరికి పంపేసి, మిద్దెల మీదికి రాళ్ళు మోస్తున్నారట. అది చూసి కింది వీధివాళ్ళు కూడా మొదలుపెట్టారట.

“అయిదుమంది పేర్లంట మేడం. ఆస్పత్రికి పంపల్లని ఎర్రగా రాసినారంట.”

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇలాంటి రాతలు రాసేవాడి చేతులు విరగ్గొట్టాలని ఖాసింబీకి పెద్ద ఉపన్యాసమే ఇచ్చాను. అంతా అయ్యాక, ఇంతకీ ఎవరి పేర్లని అడిగాను.

“ఓబులేసంట, గంగన్నంట, సుబ్బరాయుడంట...”

మూడో పేరుకు, విరగ్గొట్టాల్సిన ఆ చేతులు నావేనని తెలిసింది. మా వైపు మనవడికి తాత పేరు పెడతారని నాకు తెలీదా? మా తమ్ముడిది మా తాత పేరే. అయినా పేరు పక్కన వయసు రాయాలని తోచలేదు, మహాతల్లికి.

రిజిస్టరు పట్టుకుని పరుగెత్తాను. పై వీధి పెద్దమనిషి ఓబులేసు తాత తన ఇంటి ముందు కూర్చుని ఉన్నాడు. చుట్టూ ఇరవైమంది మగవాళ్ళు. ఆయన ఆ కాగితాన్ని నాకే చూపించాడు.

“రాత చూడు టీచరమ్మా. శానా సదువుకున్నోడే రాసినాడు.”

ఆ స్థితిలో కూడా నా దస్తూరీని మెచ్చుకున్నందుకు కాస్త పొంగాను, దాచడమెందుకు.

“అది నా రాతే తాతా.”

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు.

“నీకు నేనేం జేసినానమ్మా? నిన్న మా ఇంట్లో మజ్జిగ గూడా తాగితివి గదా.”

రిజిస్టరు తెరిచి, ఆయన కాదు, ఆయన మనవడు ఓబులేసు అని చూపించాను. మిగతా నలుగురు తాతలకూ అలాగే ఒక్కొక్కరికీ చూపించాను. పెద్దాయన కళ్ళలో నీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. ఉన్నట్టుండి ఆపేశాడు.

“రెండేండ్లోడు ఏడు కిలోలేనా? బతుకుతాడా?”

వెంటనే పంపితే బతుకుతాడన్నాను. రాళ్ళు నింపిన ట్రాక్టరును అక్కడే ఖాళీ చేసి దువ్వూరుకు తోలారు. అయిదుగురు పిల్లలూ తల్లులూ నేనూ అందులోనే జమ్మలమడుగు ఆస్పత్రికి చేరాం. రెండు నెలలకు అయిదుగురూ ఎర్ర గడి దాటారు. చిన్న ఓబులేసైతే కాటాలో వేలాడుతూనే నా జడ పట్టి లాగాడు.

అయితే పిల్లల్ని ఆస్పత్రిలో చేర్చి నేను తిరిగొచ్చిన సాయంత్రమే కింది వీధి పెద్దమనిషి మా సెంటరు గుమ్మంలో నిలబడ్డాడు. ముఖం గంటుపెట్టుకుని ఉంది. క్షమాపణ చెప్పబోయాను. ఆయన వినలేదు.

“పై వీధిలో అయిదుమందిని రాసినావంట. మావోళ్ళను ఆరుమందినన్నా రాయల్ల. మేమేం తక్కువా?”

వెళ్ళి తూచాను. తొమ్మిదిమంది తేలారు. గెలిచినట్టు ఆయన మీసం దువ్వబోయాడు. ఏం గెలిచాడో తెలిసొచ్చి, ఆ చేత్తోనే తువ్వాలు తీసుకుని ముఖం తుడుచుకున్నాడు.

వాళ్ళ పేర్లు రాయడానికి కూర్చునేముందు కాటా మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నాను. పక్కన వయసూ తల్లి పేరూ లేకుండా, ఈ జన్మలో ఏ మగవాణ్ణీ ఆస్పత్రికి పంపను.