సెల్ఫ్ పోలేదు

ఉదయం ఆరు పదికి సాయిలు తాళం తిప్పాడు. కారు మొదటిసారికే అందుకుంది. పక్క సీట్లో కూర్చుని ఆ శబ్దం విన్నాను. సెల్ఫ్‌లో ఏ లోపమూ లేదు. అప్పటికే ఆ కారుకు రెండుసార్లు సెల్ఫ్ మార్చారు.

తార్నాకలో మట్టి పరీక్షలు చేసే చిన్న సంస్థ ఒకటి ఉండేది. ఇప్పుడు లేదు. ఉద్యోగంలో చివరి ఏళ్లు అక్కడ వర్క్‌షాపు ఫోర్‌మన్‌గా పనిచేశాను. చేరిన కొద్దిరోజులకే ఈ పాత కారు సంగతి నా దగ్గరికి వచ్చింది. ఆ ఉదయం వెనక సీట్లో పరిపాలనాధికారి ఉన్నాడు. జనగామ సైటుకు వెళ్తున్నాం. నేను వెంట రావడం ఆయనకు ఇష్టం లేదు. డైరెక్టర్‌ను అడిగి ఎక్కాను.

సాయిలు మాణికేశ్వర్ నగర్ మనిషి, చాలా ఏళ్లుగా తాత్కాలిక డ్రైవర్. పర్మనెంట్ చేయవలసినవాళ్ల పేర్లు ఆ వారమే పైకి వెళ్లాలి. పంపేది ఈ అధికారే. అంతకుముందు రెండు ప్రయాణాల్లో కారు దారిలో ఆగి, మళ్లీ స్టార్ట్ కాలేదు. సాయిలు కావాలనే ఆపుతున్నాడని, ఊరిబయట రాత్రి గడిపితే వచ్చే భత్యం కోసం నాటకమాడుతున్నాడని ఆయన ఆఫీసంతా చెప్పాడు. అసలు కారణం ఈ ప్రయాణంలో తేలకపోతే సాయిలు పేరు ఉండదు.

మా సంస్థలో ఒక పద్ధతి ఉండేది. బండి చెడిపోతే ఆ ఫిర్యాదు డ్రైవర్ చెప్పకూడదు. బండిలో ప్రయాణించిన అధికారి చెప్పాలి. ఈయన రెండుసార్లూ ‘సెల్ఫ్ పోయింది’ అని చెప్పాడు. బండి స్టార్ట్ కాకపోతే మన ఊళ్లో అందరూ అనే మాటే అది. వర్క్‌షాపులో మాత్రం దానికి ఒకటే అర్థం. సెల్ఫ్ అంటే తాళం తిప్పగానే ఇంజన్‌ను తిప్పే చిన్న మోటారు. అది తిరక్కపోవడం ఒక రోగం. అది బాగానే తిరుగుతూ ఇంజన్ అందుకోకపోవడం పూర్తిగా వేరే రోగం. మా మెకానిక్కులు ఆ తేడా అడగలేదు. పై అధికారి పేరు చెప్పిన భాగాన్ని విప్పి కొత్తది బిగించారు. తర్వాత ట్రయల్ అని యూనివర్సిటీ క్యాంపస్‌లోకి తీసుకెళ్లారు. పొద్దున్నే చెట్ల నీడలో అడిక్‌మెట్ దాకా ఒక చుట్టు తిప్పి, ఎక్కడా ఇంజన్ ఆపకుండా షెడ్డుకు తెచ్చి, బండి బాగుందన్నారు. బండి బాగుంటే తప్పు డ్రైవర్‌దే అయింది.

భువనగిరి దాటాక టీ కోసం ఆగాం. ఎండ ముదిరింది. టీ తాగి వచ్చి సాయిలు తాళం తిప్పితే సెల్ఫ్ గట్టిగా తిరిగింది. ఇంజన్ అందుకోలేదు.

“చూసిన్రా ఫోర్‌మన్ గారూ, మళ్ల సెల్ఫ్ పోయింది. వీడు స్టీరింగ్ పట్టుకుంటేనే పోతది,” అన్నాడు అధికారి.

“సెల్ఫ్ తిరుగుతనే ఉన్నది సార్. బండి అందుకుంటలేదు. మొన్న గూడ గదే చెప్పిన. నోర్మూసుకొని కూసోమన్నరు.”

“ఎవరితోని మాట్లాడుతున్నవ్? గొంతు తగ్గించు.”

సాయిలు గొంతు తగ్గించలేదు. “ఇంజన్‌కు మీ హోదా ఏం తెల్సు సార్,” అన్నాడు. టీకొట్టు దగ్గరున్నవాళ్లు నవ్వారు.

నేను బానెట్ ఎత్తాను. ఇంజన్ అందుకోవాలంటే పెట్రోలూ నిప్పురవ్వా రెండూ కావాలి. ముందు కార్బురేటర్ చూశాను. పెట్రోలు వస్తోంది. ప్లగ్గు వైరు ఊడదీసి, రబ్బరు పిడి పటకారుతో ఇంజన్ లోహానికి దగ్గరగా పట్టుకుని, సాయిలును తాళం తిప్పమన్నాను. రవ్వ రాలేదు. కాయిల్ మీద చెయ్యి పెట్టలేకపోయాను, అంత కాలుతోంది.

బ్యాటరీ కరెంటును రవ్వ పుట్టేంతగా పెంచేది కాయిల్. అది లోపల పాడైతే వేడికి బలం తగ్గుతుంది. బండి నడుస్తున్నప్పుడు గాలి తగిలి నెట్టుకొస్తుంది. ఆపగానే ఇంజన్ వేడంతా బానెట్ కింద నిలిచిపోతుంది. పైగా సెల్ఫ్ తిరిగేటప్పుడు బ్యాటరీ శక్తిలో ఎక్కువ భాగం అదే తీసుకుంటుంది. కాయిల్‌కు మిగిలేది కొంచెం. కాసేపు చల్లారితే అదే కారు ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది.

నా సంచిలోంచి వేరే కాయిల్ తీసి బిగించాను. కారు వెంటనే అందుకుంది. ఇంజన్ ఆపించి, పాత కాయిల్ మళ్లీ కలిపాను. అందుకోలేదు. వేరేది కలిపాను. అందుకుంది. ఇదంతా ఆ అధికారిని పక్కన నిలబెట్టి చేశాను. ఆయన జేబురుమాలుతో మెడ తుడుచుకుంటూ, ఎండ కొడుతోంది, ఇక పోదామన్నాడు.

వారం చివర పేర్లు వెళ్లాయి. సాయిలు పేరు లేదు. అధికారి గదికి వెళ్లి అడిగాను.

“కారు బాగైంది గదా. ఇంకేం గావాలె మీకు?” అన్నాడు.

డ్రైవర్ తప్పు లేదని మీరే కళ్లారా చూశారు కదా అన్నాను. అది వేరే సంగతట. నలుగురిలో పై అధికారి మీద గొంతు లేపినవాణ్ణి పర్మనెంట్ చేస్తే ఆఫీసు నడవదట. డైరెక్టర్ దగ్గరికి వెళ్లాను. ఆయన ఓపికగా విని, పేర్లు వెళ్లిపోయాయి కదా అన్నాడు. ఒక మనిషి బతుకును కారు కంటే తేలిగ్గా చూశారు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. దాన్ని తగ్గించుకోవలసిన కారణం ఇంతవరకు కనిపించలేదు.

నెల తిరక్కముందే సాయిలును రావద్దన్నారు. తార్నాక చౌరస్తాలో కనిపించాడు. “కాయిల్ మార్చిన్రు, నన్ను గూడ మార్చిన్రు సార్. ఇద్దరం వేడెక్కినం గదా,” అన్నాడు. అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. తర్వాత బతికినంతకాలం వాళ్ల కార్లూ వీళ్ల కార్లూ నడిపాడు. పోయిన నెల చనిపోయాడు. మట్టి చేసేదాకా ఉండి వచ్చాను. తర్వాత ఇది రాయడం మొదలుపెట్టాను.

ఆ ప్రయాణం నేర్పింది చిన్న విషయం. వేడిలో వచ్చే లోపాన్ని చల్లటి బండిలో వెతికి, లేదని చెప్పకూడదు. బండికి ఏమైందో నడిపినవాడి నోటనే వినాలి. నాకు ఈ సంగతి తెలియడం వల్ల సాయిలుకు ఒరిగిందేమీ లేదు.

అలాంటి కాయిల్ ఉన్న కార్లు ఇప్పుడు తార్నాక షెడ్లకు దాదాపుగా రావు. బండి రాగానే వైరు తగిలించి, లోపమేంటో కంప్యూటర్ తెర మీద చూస్తున్నారు. ఏమైందని డ్రైవర్‌ను అడగడం మానేశారు.