స్టీరింగు మీద చూపుడువేలు

ఐర్లండులోని లీట్రిమ్ పల్లెదారుల్లో ఎదురుగా కారు వస్తే పలకరింపుగా స్టీరింగు మీంచి చూపుడువేలు ఒక్కటి లేవాలి. చెయ్యంతా ఊపేవాళ్లు పట్నంవాళ్లు. అట్రాక్టా కారు కనబడితే ఆ చుట్టుపక్కల అందరి వేళ్లూ లేస్తాయి, ఒక్కడిది తప్ప. ఆ ఒక్కడూ ఎవరో కాదు, ఆమె సొంత తమ్ముడు ఫింటన్.

ఒంటరి ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి వండిపెట్టి, స్నానాలు చేయించడం అట్రాక్టా ఉద్యోగం. రోజంతా రోడ్డు మీదే. అమ్మ పోయిన వారానికే ఆవిడ నీలం కారుని అట్రాక్టా అమ్మేసింది. వాకిట్లో దాన్ని చూస్తే ఏడుపు ఆగేది కాదు మరి. తమ్ముణ్ణి మాత్రం ఒక్క మాట అడగలేదు.

"అమ్మ కోటు వాసన ఇంకా ఆ సీట్లోనే ఉందే! నీకు చేతులెలా వచ్చాయి?" అన్నాడు ఫింటన్. అంతే, మాటలు బంద్. ఎదురైతే రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, మొహం గంటు పెట్టుకుని పోతాడు. ఈవిడ మాత్రం తక్కువ తిన్నదా? ఈవిడా ఎత్తలేదు. ఏళ్లు గడిచిపోయాయి. మొండితనంలో ఇద్దరూ ఒక్క తల్లి బిడ్డలే!

ఆ మార్చిలో ఆమె ఎర్ర కారు మూలపడింది. బూడిదరంగుది, పాతదే, కొనుక్కుంది. మర్నాడు చిత్తడినేల పక్క దారిలో ఫింటన్ కారు ఎదురొచ్చింది. వాడి వేలు లేచింది! ఆమె వేలు కూడా తనంతట తానే లేచింది. దగ్గరికొచ్చాక వాడు ఆమె మొహం చూసి నోరు తెరిచాడు.

తను చూసుకునే ప్యాకీ అనే ముసలాయనకి బంగాళాదుంపలు ఒలిచి పెడుతూ సంగతంతా చెప్పింది. ఆయన పకపకా నవ్వాడు.

"పిచ్చిదానా, వాడు ఎత్తింది నీకు కాదే, ఎవరిదో తెలియని కారుకి. ఇప్పుడు కారు గుర్తుపట్టాడుగా. రేపు చూడు!"

ఆ ఒక్క వేలికి తనెంత మొహం వాచిపోయి ఉందో ఆమెకి అప్పుడే తెలిసొచ్చింది.

మర్నాడు మళ్లీ ఎదురయ్యారు. ఈసారి రెండు కార్లు పట్టే చోటు కాదు, ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. ఫింటన్ రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. ఎంతైనా పెద్దదాన్ని కదా అనుకుని అట్రాక్టా ముందు తనే వేలెత్తింది.

వాడు ఎత్తలేదు. పొలం గేటు దాకా కారు వెనక్కి తీసుకెళ్లాడు. ఆమె పక్కకి రాగానే అద్దం దించాడు.

"నిన్న ఎవరో అనుకున్నా."

"తెలుసులేరా."

"ఎక్కడ దొరికిందే ఈ డబ్బా? నిన్న మలుపు దగ్గర బ్రేకు లైటు ఒకటి వెలగలేదు."

"మలుపు దాకా అద్దంలో నన్నే చూస్తూ ఉన్నావా?"

ఫింటన్ చూపు దారి మీదికి తిప్పుకున్నాడు.

"అమ్మ కారు నిన్ను అడక్కుండా అమ్మేశాను. తప్పేరా," అంది.

వాడు గేరు వేశాడు. "దీన్ని అమ్మేటప్పుడు నాకో మాట చెప్పక్కా," అని, స్టీరింగు మీంచి వేలెత్తి వెళ్లిపోయాడు.

అట్రాక్టా గేటు దగ్గరే ఆగిపోయింది. కళ్లకి నీళ్లు అడ్డొచ్చి దారి ఆనలేదు.