ఐదువందల సెకన్ల అవతల

మా మరదలు రాగసుధ ఫిజిక్సులో పరిశోధన చేస్తోంది. పెదకాకాని పక్కన మా ఊళ్లో ఆకాశాన్ని నమ్ముకుని స్టైపెండు తెచ్చుకునేది అదొక్కతే. దాని తెలివికి పునాది నేనే. చిన్నప్పుడు ఎక్కాలు నేర్పాను. ఏడో ఎక్కం దగ్గర నాకే తేడా కొట్టడంతో, ఇంటరు మధ్యలో చదువు మానేసి లోకానికి మేలు చేశాను.

మిరపకాయల రోజుల్లో ఇంటికొచ్చింది. కళ్లం పక్కన రేకుల షెడ్డులో మంచం వాల్చుకుని, ఒళ్లో లాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేది. ఏం చూస్తున్నావే అంటే చెప్పింది. ఎక్కడో రెండు చచ్చిన నక్షత్రాలు గుద్దుకుంటే ఆకాశమే వణుకుతుందట. ఆ వణుకు పట్టడానికి కొన్ని యంత్రాలున్నాయి. అదే గుద్దుడులోంచి న్యూట్రినోలనే రేణువులు ఎగిరొస్తాయేమోనని దక్షిణ ధ్రువం మంచు కింద మరో యంత్రం కాపు కాస్తుంది. న్యూట్రినో భూమిలో ఇటు దూరి అటు పోతుంది, దారిలో ఎవర్నీ పలకరించదు. అలిగినప్పుడు మా అత్తయ్య వెంకటరావమ్మ కూడా అంతే.

వణుకు బలంగా ఉంటే గొడవ లేదు. బలహీనంగా ఉంటేనే అది నిజమో, యంత్రం గొణుగుడో తేలదు. అప్పుడు అదే సమయానికి, అదే వైపు నుంచి న్యూట్రినో వచ్చిందేమో పాత రికార్డుల్లో వెతకాలి. రెండూ జత కుదిరితే నమ్మొచ్చు. రాగసుధ పని అదే.

ఆ వారం దానికో జత దొరికింది. సాయంత్రం గైడుతో ఫోన్లో మాట్లాడాలి. నిజమైతే దాని చదువుకు మొదటి ఫలితం. పొరపాటైతే ఇక మీద ఏం చెప్పినా వాళ్ల గుంపులో నమ్మేవాడుండడు. అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇక్కడ నా ఎడమ మోకాలి గురించి చెప్పాలి. కనిగిరి కొండ మీద చిరుతపులిని తంతే బెణికింది. అది మేక అని గిట్టనివాళ్లంటారు. అప్పట్నుంచి మోకాలు సలిపితే వాన. ఆ ఉదయం సలిపింది, చెప్పాను. రాగసుధ నాన్న యలమందయ్య మామయ్య కంగారుపడి, అప్పుడే కోసుకొచ్చి ఎండబోసిన కాయల మీద పట్టాలు కప్పించాడు. చినుకు లేదు, ఎండ మండింది. మధ్యాహ్నం పట్టా ఎత్తితే కాయలు చెమటపట్టి మెత్తబడ్డాయి. ఇలా ఉడికితే తెల్లబడి తాలుకాయలవుతాయని మామయ్య నన్ను తిట్టడం మొదలెట్టాడు.

నేను తగ్గలేదు. పోయినసారి సలిపాక వాన పడిందా లేదా అని నిలదీశాను. సోమవారం చెప్తే శుక్రవారం పడిందన్నాడు.

"పడిందిగా మామయ్యా. నా మోకాలు వానన్నది గానీ, వారం చెప్పిందా?"

కూలీలు నవ్వారు. రాగసుధ నవ్వలేదు.

"బావా, సలిపాక ఎన్నాళ్లలోపు పడకపోతే తప్పయిందని ఒప్పుకుంటావు?"

"పడేదాకా ఆగాలి."

"అలాగైతే ఎవరి మోకాలైనా నిజమే చెప్తుంది."

అన్నాక దాని మొహం ఎర్రబడింది. సంగతేమిటంటే, వెతకడం మొదలెట్టే ముందు వణుక్కి అటూ ఇటూ ఐదువందల సెకన్లని గడువు పెట్టుకుంది. దొరికిన న్యూట్రినో నలభై నిమిషాల తరవాతది. వచ్చింది ఆ వైపు నుంచే కదా అని ముచ్చటపడి గడువును గంటకు సాగదీసింది.

అంతదూరం నుంచి వచ్చేది దారిలో టీ తాగి ఉంటుందిలే అని సర్దిచెప్పబోయాను. ఆలస్యంగా రాకూడదని తనూ అనడం లేదట. ఎంత ఆలస్యమో చూడకముందే చెప్పుకోవాలట, చూశాక కాదట.

న్యూట్రినోల సమయాలన్నీ కావాలని తారుమారు చేసి, మళ్లీ వణుకులతో జత కట్టి చూసింది. సమయాలు దొంగవి గనక, ఏది కలిసినా ఉత్త కాకతాళీయమే. గంట గడువిస్తే దొంగ జతలు కుప్పలుగా పడ్డాయి. ఐదువందల సెకన్లకు దాదాపు ఏమీ లేవు.

సాయంత్రం గైడుకు చెప్పేసింది.

"దొరికిందనుకున్నది దొరకలేదండి. గడువు నేనే సాగదీశాను."

ఆయన మిగిలిన రికార్డులు పాత గడువుతోనే చూడమన్నాడట.

ఏడిపిద్దామని మంచం దగ్గరికెళ్లాను.

"ఏమే, నక్షత్రాలు పోయాయా?"

"నక్షత్రాలు ఎక్కడికీ పోలేదు బావా. నా జత పోయింది."

మొహం వాడిపోయింది గానీ వేళ్లు ఆగలేదు. ఇంకో వణుకు తెరిచి, ముందుగా ఐదువందల సెకన్లని గడువు కొట్టింది. కాలేజీలో ఒక్క పీరియడు కుదురుగా కూర్చోనివాణ్ని, ఆ తెర మీద ఏం పడుతుందోనని మంచం పట్టె మీద చేరాను. కాయలు తిరగబొయ్యడానికి మామయ్య పిలుస్తున్నాడు. కాసేపాగమన్నాను.