అయ్య తలూపిన పాట

కన్నతండ్రిని నలుగురి ముందు, ఎంతో ప్రేమగా, రెండుసార్లు ముంచిన కొడుకును మీరెక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. నవ్వుకోండి, పర్వాలేదు. మా ఊళ్లో ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

మాది భోగాపురం వైపు సముద్రం ఒడ్డున పల్లె. మా అయ్య ఒడ్డు మీద చేపలు వేలం పాటలో కొని, ఐసు వేసి ఊళ్లకు పంపేవాడు. పాటలో చెవే పెట్టుబడి. ఆ చెవే అయ్యకు మందగించింది. ఎవరెంత పాడారో తెలియక మంచి సరుకు వదులుకుంటున్నాడు. ఒడ్డు మానేస్తే ఆయనకు వేరే పనీ తెలియదు, వేరే ముచ్చటా లేదు.

అప్పట్లో నేను గరివిడిలో గుమస్తాని. డిగ్రీ చదివినవాణ్ణి కాబట్టి తెలివి పొంగిపొర్లుతుండేది. ఓ రోజు టీవీలో తెల్లకోటు ఆయనొకడు చెవి మిషన్ చూపించి, "పక్కింటి గుసగుస కూడా గంట కొట్టినట్టు వినిపిస్తుంది! నచ్చకపోతే మీ డబ్బు వాపస్!" అన్నాడు. హోటల్లో ఇడ్లీ తెచ్చేవాడు కూడా తెల్లకోటే వేసుకుంటాడని నాకు తట్టలేదు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అంటారు కదా, నేను ఆ శంఖాన్ని కొరియర్లో తెప్పించాను.

ఆదివారం దాన్ని అయ్య చెవిలో పెట్టి, "ఏటి అయ్యా, ఇనిపిస్తందా?" అని అరిచాను.

"సముద్రమంతా సెవిలోకొచ్చీసినాదిరా!" అన్నాడు.

నేను దాన్ని మెచ్చుకోలనుకుని, నేరుగా పాటకు తీసుకెళ్లాను.

ఆ రోజు వచ్చింది కవళ్ల కుప్ప. అన్నిటికంటే చవక చేప. పాట పెట్టేది సూరప్ప మావ. అక్కడ నోరు విప్పనక్కర్లేదు, తలూపితే ధర పెంచినట్టే. ఆ సంగతి పుట్టినప్పటినుంచీ తెలిసిన నేను, కుప్పకు ఇవతల నిలబడి చెవి మీద వేలు పెట్టి సైగ చేశాను: వినిపిస్తోందా?

అయ్య తలూపాడు.

"రాములు పెంచినాడు!" అని అయ్య పేరు కేకేశాడు సూరప్ప మావ.

ఎదుటి బేరగాడు నూకరాజు బావ ఇంకాస్త పెంచాడు. అయ్య మళ్లీ పాటలో పడ్డాడని నాకు ఒకటే సంబరం. బాగా వినిపిస్తోందా అని మళ్లీ సైగ చేశాను. అయ్య ఇంకా గట్టిగా తలూపాడు. బావ పెంచాడు. నేను సైగ చేశాను. అయ్య ఊపాడు.

చివరికి బావ చేతులు జోడించి తప్పుకున్నాడు. "ఒరే అప్పన్నా, మీ అయ్యకేటైనాదిరా? కవళ్లకి వంజరం ధర పాడతన్నాడు!"

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని సామెత. మా కవళ్లు నానబోయకుండానే ఆ గతికి వచ్చాయి. సగం కారుచవకకి పోయాయి, సగం ఇసుకలో ఎండబెట్టాం. ఊరి కాకులన్నీ మా ఇంటికి చుట్టాలయ్యాయి.

మర్నాడు అయ్య ఒడ్డుకు వెళ్లలేదు. "ఇంక నానెల్లనురా. అందరూ నవ్వతన్నారు," అని గోడవైపు తిరిగి పడుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే కంపెనీకి ఫోన్ చేశాను.

"సీలు విప్పారా సార్?" అంది అవతలి అమ్మాయి.

"విప్పకుండా చెవిలో ఎలా పెట్టుకుంటారమ్మా?"

"సీలు విప్పితే వాపస్ లేదు సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

విజయనగరంలో వినియోగదారుల ఫోరం ఉందని, తెల్లకాగితం మీద ఫిర్యాదు రాసిచ్చినా తీసుకుంటారని ఎవరో చెప్పారు. ప్రకటన అబద్ధం, షరతు అన్యాయం అని ఆవేశంగా రాసిచ్చాను. సాక్ష్యానికి అయ్యనే తీసుకెళ్లాను, చెవిలో మిషన్‌తో సహా.

కంపెనీ లాయరు వచ్చి అయ్యను ఏదో అడిగాడు. అయ్య చూస్తూ నిలబడ్డాడు. లాయరు ఆయన చెవి దగ్గరకు వంగి, హాలు అదిరేలా అరిచాడు. "పెద్దాయనా! ఈ మిషన్‌తో! మీకు! వినిపిస్తోందా?"

ఇంకేం, గెలిచేశాననుకున్నాను. అలా అరవాల్సి రావడం కంటే వేరే సాక్ష్యం ఏం కావాలి?

అయ్య ఒకసారి నా వైపు చూశాడు. "బాగా ఇనిపిస్తాదండి. మా వోడే కొన్నాడు," అని తలూపాడు.

లాయరు నవ్వుతూ వెళ్లి కూర్చున్నాడు. నా కేసు కూడా ఆయనతో పాటే కూర్చుంది.

బయటికొచ్చాక నేనూ గొంతు చించుకున్నాను. "అదేటి అయ్యా, అలాగ సెప్పీసినావు?"

"మరేటి సెప్పమంటావురా? కొడుకు ఇష్టపడి కొన్నాడు. అది పన్సెయ్యదని అంతమందిలో నిన్ను సిన్నబుచ్చమంటావా?"

తర్వాత నిజం డాక్టరుకు చూపిస్తే, "కాస్త ముందే తీసుకురావలసింది, వినికిడి కొంతైనా నిలబడేది," అన్నారు. ఆ ముందంతా నేను టీవీ మిషన్‌తోనూ కంపెనీతోనూ గడిపేశాను. అయ్య మళ్లీ పాటకు వెళ్లలేదు.

కాబట్టి పాఠక మహాశయులారా, ఇకమీదట టీవీలో ఏ తెల్లకోటు ఏం చూపించినా కొననని, పొరపాటున కొన్నా అయ్యకు ఇవ్వనని, ఇచ్చినా బాగుందా అని అడగనని శ్రీముఖలింగేశ్వరుడి మీద ఒట్టేశాను. అడిగితే ఆయన బాగుందనే అంటాడు.