కాలువ కట్టేసే ముందు ఆదివారం

మా చిన్నప్పుడు... అంటే వయసులో కాదండి, విశ్వాసంలో మా చిన్నప్పుడు. నాకప్పటికే నలభై దాటాయి.

రావులపాలెం దగ్గర మా ఊరి చర్చిలో నెలకో ఆదివారం ప్రభువు బల్ల ఉండేది... యేసుప్రభువుని తలుచుకుని రొట్టె పంచుకోవడం. చాపల మీద ఆడవాళ్ళు అటు, మగవాళ్ళు ఇటు. స్టీలు పళ్ళెంలో రొట్టె ముక్కలు చేతులు మారుతూ వచ్చేవి. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే తినాలి.

పళ్ళెం నా భార్య సత్యవతి దాకా వచ్చేది... రెండు చేతులా అందుకునేది... పక్కావిడకి ఇచ్చేసేది. తర్వాత ఆ ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుని తలొంచుకుని కూర్చునేది. ఇటు పక్క నుంచి నేను చూస్తూనే ఉండేవాణ్ణి.

తను ఎప్పుడో సిద్ధం. ఆగింది నా వల్ల.

ఆ రోజుల్లో బాప్తిస్మాలు కాలువలోనే. నీళ్ళలో దిగే ముందు గట్టు మీద నిలబడి అందరి ముందూ సాక్ష్యం చెప్పాలి... ఎందుకు నమ్ముకున్నావో నాలుగు మాటలు. ఆ నాలుగు మాటలే నా ప్రాణం మీదికొచ్చాయి. నేను మార్కెట్టులో అరటి గెలలు దింపేవాణ్ణి. గెలలు మనల్ని మాట్లాడమని అడగవు కదండీ!

శుక్రవారం రాత్రుళ్ళు ఒక్కో వారం ఒక్కో ఇంట్లో ప్రార్థన. వరసగా అందరూ ప్రార్థన చేసేవారు. నా వంతు వచ్చేసరికి... నిశ్శబ్దం. పక్కాయన కాసేపు చూసి తను అందుకునేవాడు. ఆఖర్న ఆమెన్ మాత్రం అందరికంటే గట్టిగా నేనే అనేవాణ్ణి.

ఒకరోజు ధైర్యం చేసి చెప్పాను. "సత్యవతీ, నువ్వు తీసేసుకో. నా సంగతి తర్వాత చూద్దాం."

పొయ్యి దగ్గర కూర్చుని ఉంది. తల కూడా తిప్పలేదు.

"ఇంట్లో ఏనాడైనా మీకు పెట్టకుండా తిన్నానా? అక్కడ మాత్రం ఒక్కదాన్నీ ఎలా తింటానండి?"

అలా రెండేళ్ళు గడిచిపోయాయి...

మాకు ఏటా ఎండాకాలం కాలువ కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు చూసేది తొలకరికే. ఆ ఏడు కాలువ నీళ్ళు చూసే లస్కరు సైకిలు మీద వచ్చి సోమవారం నుంచి నీళ్ళుండవని చెప్పి వెళ్ళాడు. అయితే ఈ ఆదివారమే బాప్తిస్మాలు అన్నారు పాస్టరు గారు.

సత్యవతి నన్నేమీ అడగలేదు. శనివారం సాయంత్రం మార్కెట్టు నుంచి వచ్చేసరికి దండెం మీద తన తెల్లచీర, నా తెల్ల పంచె పక్కపక్కన ఆరేసి ఉన్నాయి. గాలికి రెండూ ఒకదాన్నొకటి తాకుతూ...

అవి చూశాక ఇక తప్పించుకోవడానికి నాకు నోరు రాలేదు.

తెల్లవారింది. గట్టు మీద ఎండ ఇంకా పడలేదు. గుర్రపుడెక్క ఒడ్డున మేట వేసింది. నీళ్ళు అప్పటికే తగ్గుతున్నాయి. బట్టలుతికే వాళ్ళు ఉతుకు ఆపి మావైపే చూస్తున్నారు. వంతెన మీద పిల్లలు. పాట అయిపోయింది. పాస్టరు గారు నా వైపు తిరిగారు.

నిలబడ్డాను. ఒక్క మాట లేదు...

"చెప్పండి తమ్ముడూ, తొందరేం లేదు" అన్నారాయన.

"ఎందుకు లేదండీ? నీళ్ళు పోతున్నాయి! కానివ్వవయ్యా బాబూ, నేను పోయేలోపు!" అంది వెనక నుంచి రూతమ్మ గారు. సంఘంలో అందరికంటే పెద్దావిడ. అందరూ నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఎలాగో నోరు తెరుచుకుంది.

"తుపానుకి మా తాటాకిల్లు పడిపోయిందండి. మీరు చర్చి తలుపులు తీసి పడుకోమన్నారు. గాలి తగ్గాక అందరూ వెళ్ళిపోయారు... మాకు వెళ్ళబుద్ధి కాలేదండి."

అంతే. ఇంకా ఏమైనా చెబుతానేమోనని కాసేపు చూశారు. ఇంకేం లేదు నా దగ్గర. ఎవరో మెల్లగా "స్తోత్రం" అన్నారు.

తర్వాత సత్యవతి వంతు. రెండేళ్ళుగా ఎన్ని దాచుకుందో చెప్పడానికి! లేచి, కొంగు సర్దుకుని...

"నాదీ అదేనండి" అంది.

నీళ్ళు మోకాళ్ళు దాటి లేవు. అందుకని మమ్మల్ని కాలువలో కూర్చోబెట్టి ముంచారు. తెల్లచీర నిండా ఒండ్రు. లోపల ఆ ఒక్క క్షణం చెవుల్లో నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు... పైకి లేచేసరికి వెలుతురు, పాట. ఇప్పటికీ కళ్ళు మూసుకుంటే ఆ వెలుతురు కనబడుతుంది.

తర్వాత వచ్చిన బల్ల రోజున పళ్ళెం అటూ ఇటూ తిరిగింది. సత్యవతి ఒక ముక్క తీసుకుంది. తినలేదు. నేను నోట్లో పెట్టుకునేదాకా ఇటే చూస్తూ చేతిలోనే పట్టుకుని కూర్చుంది. అప్పుడు తిన్నది.

ఆ తర్వాత శుక్రవారం ప్రార్థనల్లో నా వంతుకి రెండు మాటలు వచ్చేవి. ఏళ్ళు గడిచేకొద్దీ నాలుగయ్యాయి. అంతకు మించి ఎదగలేదు నేను... ఆ నాలుగూ దేవుడికి చాలేమో.

ఇప్పుడు చర్చిలోనే టైల్సు వేసి తొట్టి కట్టారు. మోటారు వేస్తే గంటలో నిండుతుంది. ఏ నెలైనా ఫరవాలేదు. మంచిదేనండి, ముసలివాళ్ళకి సుఖం. ఎవరి కోసం ఎవరూ ఆగక్కర్లేదు.

సత్యవతి ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పుడు నా కోసం రెండేళ్ళు ఆగిన మనిషి... ఈసారి ఆగలేదు.

మీరు ఏ కాలువలో దిగారండి? గట్టు మీద మీ కోసం ఎవరు ఎదురుచూశారు? రాయండి... చదువుకుంటూ కూర్చుంటాను.