కొండవ్వ కాళ్ల కడియాలు

పేలాల భట్టి కొండవ్వకు ఒళ్లు వచ్చిందని మా వాడకట్టంతా అనుకున్న ఏడాది అది. యుద్ధం రోజులు. సిద్దిపేటలో బియ్యం దొరకడమే గగనం, మనిషి లావెక్కడం ఇంకా వింత.

"ఏందే కొండవ్వా, మాకు పేలాలమ్మి నువ్వు నెయ్యి తాగుతున్నవా?" అని పక్కింటి చంద్రవ్వ దెప్పేది.

"నెయ్యి గాదే... పొగ" అని కొండవ్వ ఆగి ఆగి అనేది. ఆమె మొగుడు ఉప్పలయ్య మాత్రం మీసం దువ్వుకునేవాడు. పెళ్లాన్ని బాగా సాకుతున్నాడన్న పేరు ఊరికే వస్తే ఎవరికి చేదు?

నిజానికి లావెక్కినవి కాళ్లే. చేతులు పుల్లలు, వాటిని ఎవరు చూశారు? కాపురానికి వచ్చిన నాటి నుంచీ భట్టి కింద మండే ఊక పొగలోనే బతుకు. దగ్గు ఇంట్లో మనిషైపోయింది. ఇప్పుడు పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకునే కునికేది. పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టు నల్లబడ్డాయి. చివరికి వెండి కడియాలు కండలోకి దిగి పుండు చేస్తే, ఉప్పలయ్య ఆమెను దవాఖానకు తీసుకెళ్లాడు.

డాక్టరు మెడ మీద ఉబ్బిన నరం చూశాడు. కాలి మీద బొటనవేలుతో ఒత్తి తీశాడు. గుంత అట్లాగే ఉండిపోయింది.

"అయ్యో సారూ, సొట్టవడ్డది!" అన్నాడు ఉప్పలయ్య.

"ఇది కండ కాదయ్యా, నీళ్లు. పొగకు ఊపిరితిత్తులు చెడిపోయినయి. గుండె కుడిదిక్కు నెత్తుటిని వాటిలకు తోలాలె. బాట ఇరుకైతే ఎద్దు ఎన్నాళ్లు గుంజుతది? అలిసిపోయింది. అందుకే నీళ్లు కాళ్లల్లకు దిగినయి."

మందు ఇచ్చాడు. ఉప్పు తగ్గించమన్నాడు, పొగ దగ్గరికి పోవద్దన్నాడు. ముందు కడియాలు కోయించకపోతే కాలు కుళ్లుతుందన్నాడు.

ఉప్పుకు, పొగకు కొండవ్వ ఒప్పుకుంది. కడియాలకు ఒప్పుకోలేదు. మొగుడు పోయిన ఆడదానికే కదా కాళ్లు బోడి చేసేది! కంసాలి లింగమూర్తి రంపంతో వచ్చి ఉత్త చేతులతో తిరిగిపోయాడు. పుండు నల్లబడింది. ఉప్పలయ్య అన్నం మానేశాడు. అప్పుడు ఆమె ఒక షరతు పెట్టింది.

"గడప మీద గూసో. నలుగురికి బతికున్నట్టు కనవడు."

"బతికున్నట్టంటే ఎట్లనే?"

"మాట్లాడు. రోజూ ఆపితే... ఆగవు గద."

లింగమూర్తి మళ్లీ వచ్చి రంపం పట్టాడు, ఉప్పలయ్య గడప మీద కూర్చున్నాడు. దారిన పోయే ప్రతివాణ్నీ పిలిచాడు. "రాంరాం పటేలా! ఆ, నేనే! మంచిగున్న! ఏం రోగం లేదు!"

"ఓ మామా, జర మెల్లగ బతుకు. నవ్వుకు రంపం జారుతున్నది" అన్నాడు లింగమూర్తి.

కడియాలు ఊడాయి. వాటి చోట లోతైన చాళ్లు మిగిలాయి. కొండవ్వ కాసేపు చూసి చీరకుచ్చిళ్లు కిందికి లాక్కుంది. బయట మొగుడు ఇంకా కేకలు వేస్తూనే ఉన్నాడు.

"ఇగ సాలు... లోపలికి రా" అంది.

పుండు మానింది, వాపు కొంత తీసింది. గుండె మాత్రం మునుపటిలా కాదని డాక్టరు ముందే చెప్పాడు. భట్టి ముందు ఇప్పుడు ఉప్పలయ్య. పొగ తగలకుండా ఎదురింటి అరుగు మీద కొండవ్వ. పేలాలు మాడిన వాసన రాగానే ఆమె మొదలుపెట్టేది.

"నీ చేతులు..."

ఊపిరి అక్కడితో అయిపోయేది. మిగతాది ఉప్పలయ్యే అందుకునేవాడు.

"నా చేతులిరుగ, మూకుట్ల ఇసుక మరీ కాగకముందే గింజలు పొయ్యాలె. గంతేనా, ఇంకేమన్నున్నదా?"

గంతేనని ఆమె తల ఊపి, గోడకు ఒరిగేది.