అక్క విత్తనాన్ని మర పట్టించాను

ఈ రోజు ఉదయం మా అక్క విత్తనపు వడ్లను మిల్లుకు తీసుకుపోయి బియ్యం చేయించుకొచ్చాను. కావాలని చేయలేదని వేరే చెప్పనక్కర్లేదు. కానీ మతిమరుపు అనే మాట చాటున ఇంకా ఎన్నాళ్లని దాక్కుంటాను?

నా మతిమరుపు మా ఇంట్లో అందరికీ వినోదం. స్కూటర్ మీద కోట ఊళ్లోకి పోయి బస్సులో తిరిగొచ్చినవాణ్ని నేను. కళ్లద్దాలు బియ్యపు డబ్బాలో పెట్టి ఇల్లంతా వెతికినవాణ్ని. పాలు చూస్తూ ఉండమంటే, పొంగేదాకా చూస్తూనే ఉండి, పొయ్యి ఆపడం మర్చిపోయినవాణ్ని. ఇవి చెప్పుకుని అందరూ నవ్వితే నేనూ నవ్వేవాణ్ని. మాడిన గిన్నె తోమింది నా భార్య అనీ, స్కూటర్ తెచ్చిపెట్టింది పక్కింటాయన అనీ మాత్రం నాకు గుర్తుండేది కాదు.

అక్క ఇల్లు మా వెనక వీధిలోనే. పెంకులు కదిలి వానకు కురుస్తుంది. అందుకని విత్తనాల మూటను ప్రతి ఏడూ మా వసారాలో పెడుతుంది. తనకున్న కాస్త చేలో ఇప్పటికీ పాతకాలపు మొలగొలుకుల వరే వేస్తుంది. ఊళ్లో అందరూ తొందరగా కోతకొచ్చే రకాలకు మారారు. మాబోటివాళ్లం సగం పొలం రొయ్యల గుంటలకు కౌలుకిచ్చేశాం. అక్క మాత్రం తన పంటలోంచే విత్తనం తీసి, ఎండబెట్టి, వేపాకు కలిపి మూట కడుతుంది. అంగట్లో ఆ రకం దొరకదు. ఆ మూట పోతే ఆ వరి ఆమెకు పోయినట్టే. నారుమడి సిద్ధంగా ఉంది, ఈ రోజు సాయంత్రం విత్తనం నానబోస్తానని నిన్ననే చెప్పి పోయింది.

తిండి వడ్లు మిల్లుకు వేసుకుపొమ్మని పొద్దున నా భార్య చెప్పింది. ఫోన్‌ను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, రొయ్యల గుంట సంగతేదో మాట్లాడుతూ, చేతికందిన మూటను స్కూటర్‌కెక్కించాను. మిల్లులో మూట విప్పినతను ఆగి నావైపు చూశాడు.

"ఏందన్నా, వడ్లలో వేపాకుండాది?"

"పురుగు పట్టకుండా ఇంట్లో వేసుంటార్లే. పోసెయ్."

అతను ఆకులు ఏరి పారేసి పోశాడు. అంతకన్నా స్పష్టంగా ఎవరు హెచ్చరిస్తారు? నేను ఇంకా ఫోన్లోనే ఉన్నాను.

ఇంటికి తెచ్చాక నా భార్య మూటలో చెయ్యి పెట్టి చూసింది. బియ్యం ఇంకా వెచ్చగా ఉన్నాయి. తర్వాత వసారాలోకి చూసింది.

"మన మూట ఇక్కడే ఉండాది గదయ్యా. మరి నువ్వు ఆడించుకొచ్చింది ఏంది?"

అక్క మూట పెట్టిన చోటు ఖాళీగా ఉంది. "వదినకు నేను చెప్పను. నువ్వే పోయి చెప్పు" అని ఆమె లోపలికి పోయింది.

అక్క వాకిట్లో కూర్చుని చేటలో ఎండు రొయ్యలు బాగుచేస్తోంది. నిలబడే చెప్పాను. ఆమె చేతులు చేటలోనే ఆగిపోయాయి.

"మొత్తమూనా?"

"మొత్తం, అక్కా."

"గుప్పెడన్నా మిగల్లేదా?"

"లేదు."

అక్క చేటను పక్కన పెట్టింది. "వానకు తడస్తాదని నీ ఇంట్లో పెట్టినాను. వానే నయం అబ్బయ్యా. తడిసుంటే మొలకన్నా వచ్చేది."

తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది. తలెత్తలేక అక్కడే నిలబడ్డాను. ఆమే మళ్లీ అంది: "పోయినేడు వాకాడు పక్క నించి ఒకామె వచ్చి నాకాడ నాలుగు చేటల విత్తనం పట్టుకపోయింది. పండిందని కబురు చేసింది. ఆమెకాడ ఉంటాదేమో. బర్రె ఈనేట్టుండాది, నేను కదల్లేను. నువ్వు పో. ఫోను ఇంట్లో పెట్టి పో. స్కూటరు ఆడ వదిలేసి బస్సులో రాబాక."

ఆ చివరి మాటతో నాకు కొంచెం ఊపిరి ఆడింది.

వాకాడు దాటక ముందే ఆమె ఊరు. ఇల్లు కనుక్కుని, జరిగింది ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "అన్నం బాగుంటాదిలేన్నా, మా ఇంట్లో పోయినేడు పాయసం చేసినాము" అంది. తర్వాత లోపలికి పోయి, తాము చల్లుకోవడానికి ఉంచుకున్న మూటను ఈడ్చుకొచ్చి, అందులో సగం వేరే సంచిలో పోసింది.

"మరి మీకు?"

"మడి తగ్గించుకుంటాం. అక్క ఆ పొద్దు ఇయ్యకపోతే మాకీ విత్తనం యాడిది?"

దారంతా ఆ సంచిని కాళ్ల మధ్య పెట్టుకుని, ఒక చేత్తో తడుముకుంటూ వచ్చాను. పోయినేడు అక్క ఎవరికో పోసిన చేటలు ఈ రోజు నన్ను కాచాయి. నేను మర్చిపోయినవన్నీ ఇలాగే ఎవరో ఒకరు గుర్తుపెట్టుకుని మోస్తూ వచ్చారు. నా బతుకు ఇంత సాఫీగా నడిచిందంటే అది నా తెలివి కాదు. వాళ్ల ఓపిక.

అక్క గుప్పెడు వడ్లు తీసి, ఒక గింజ కొరికి చూసింది. "నా విత్తనమే. సగం చేనుకే వస్తాది. వచ్చే ఏటికి మాత్రం నిలబడింది" అంది. ఆడించిన బియ్యం అప్పటికే నా భార్య మోసుకొచ్చి ఆమెకిచ్చింది. అక్క అందులోంచే వండి నాకు అన్నం పెట్టింది. "తిను. మా చేలో మొలవాల్సింది. నీ కడుపులో మొలస్తాదేమో చూద్దాం."

తిన్నాను. తర్వాత తొట్టిలో నీళ్లు పోసి విత్తనం నేనే నానబోశాను. తేలిన తాలు దోసిళ్లతో తీసేశాను. చేతులు కడుక్కుంటూ పైకి చూస్తే కదిలిన పెంకులు కనిపించాయి. వాటిని సర్దిస్తానని అక్కకు మాటిచ్చి ఎన్ని వానలు దాటిపోయాయో. ఆ మాట నేను నిలుపుకుని ఉంటే ఆ మూట మా వసారాకు వచ్చేదే కాదు.

పక్కింటి నిచ్చెన అడిగి తెచ్చుకున్నాను. మబ్బు పట్టి ఉంది. అక్క కింద నిలబడి, పాత పెంకులు ఒక్కొక్కటే అందించింది. చీకటి పడేదాకా పైనే ఉండి, విత్తనం పెట్టే మూల మొత్తం కప్పి దిగాను.